ఒక ‘ఇంగ్’ తగిలించాను

ఇంగ్లీషులో ‘లీవ్’ అనే మాట ఒకటుంది. దాన్ని మొట్టమొదట పలికినవాడు ఎవడో, ఏ చలిదేశంలో గొర్రెలు కాచుకుంటూ పలికాడో నాకు తెలియదు. ఎదురుపడితే మాత్రం రెండు చెంపలూ వాయించాలని ఉంది. ఆ తరువాత న్యాయంగా నా చెంపలు కూడా వాయించుకోవాలి. ఆ మాట తనంతట తాను ఎవరి కొంపా ముంచలేదు. దానికి తోక తగిలించి వదిన మీదికి ఉసిగొల్పింది నేనే.

వదిన అంటే మా లాండ్రీలో రోలరు దగ్గర పనిచేసే మనిషి. గేటు కార్డు మీద ఆమెకు ఏదో పేరుంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో పనిలో చేరిన రోజు ఎవడో సరదాకి వదినా అన్నాడట, మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఇరవై మూడేళ్ళు గడిచాయి. ఆమె కంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణి, నాకూ వదినే. ఆ లెక్కన ఆమె భర్త మా అందరికీ అన్నయ్య అయ్యాడు, ఆయన్ను చూడనివాళ్ళకి కూడా.

మాది వీధి మూల ఇస్త్రీ కొట్టు కాదు. ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు రోజుకు మూడు లారీలు వస్తాయి. మొదటి గదిలో మూటలు విప్పి వేరు చేస్తారు. రెండో గదిలో ఉతుకుతారు. మూడో గదిలో ఆవిరితో కాగే పెద్ద రోలరు ఉంటుంది. తడి దుప్పటి ఇటునుంచి పెడితే ముడత లేకుండా అటునుంచి వస్తుంది. వదిన మొదటి గదిలో ఆరేళ్ళు చేసింది. ఆసుపత్రి మూటల్లో ఏమేం వస్తాయో చెప్పను, మీరు భోజనం చేస్తూ చదువుతుంటే బాగుండదు. ఒకసారి కట్టుడుపళ్ళు దొరికాయి. వాటిని కడిగి, గుడ్డలో చుట్టి, మూట మీది ముద్ర చూసి ఆ ఆసుపత్రికి తానే నడిచి వెళ్ళింది. “పాపం ఏ ముసలాయనో, మూడు పూటల నుంచి ఏం నములుతున్నాడో” అంది. సూపర్‌వైజరు ఆ పూట ఆమెకు గైర్హాజరు వేయమని నాతో అన్నాడు. నేను వేయలేదు. నా జీవితంలో నేను చేసిన వీరకార్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

తరువాతి పదిహేడేళ్ళూ రోలరు దగ్గరే. మోచేతుల దాకా చేతుల మీద కాలిన చారలు. దుప్పటి కొస రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇంకా ఎంత తడి ఉందో చెప్పేసేది. అక్షరాలు కూడా ఆ దుప్పట్ల మీదే నేర్చుకుంది. వార్డు, థియేటరు, పిల్లల విభాగం, ఇలా మూలమూలన నల్ల సిరాతో అచ్చువేసిన ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని చదివేది. తెలియనివి నన్ను అడిగేది. నాకు అంతకంటే ఏం కావాలి?

నేను టైమ్‌కీపర్ని. గేటు పక్క గదిలో కూర్చుని ఎవరు ఎన్నింటికి వచ్చారో చూసుకునే ఉద్యోగం. వెనకాల నన్ను గ్రామరు మాస్టారు అంటారని తెలుసు. డిగ్రీలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. అంత కష్టపడి వచ్చిన విద్య కాబట్టి ఊరికే ఉంచుకోలేదు. నోటీసు బోర్డు మీద ఏ కాగితం అంటించినా ఎర్ర కలంతో దిద్దేవాణ్ణి. అట్ట ఊడిన లావుపాటి నిఘంటువు ఒకటి నా బల్ల మీద ఎప్పుడూ ఉండేది. అల్పవిద్య ఆడంబరం అంటే ఏమిటో ఎవరికైనా తెలియకపోతే నా గదికి పంపితే సరిపోయేది.

అన్నయ్య బోర్డులు రాసే పెయింటరు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండానే ఇంగ్లీషు బోర్డులు అచ్చు గుద్దినట్టు రాసేవాడు. నాలుగేళ్ళ కిందట ఆయన కిడ్నీలు రెండూ చెడ్డాయి. అప్పటినుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్. మా కంపెనీ ఇచ్చే ఆరోగ్య కార్డు చూపిస్తే ఒక పెద్ద ఆసుపత్రిలో అది జరిగిపోతుంది. కార్డు వదిన పేరు మీద ఉంది, వదినకు ఉద్యోగం ఉన్నంతకాలం ఉంటుంది. ఇంతకు మించి ఆ ఇంటి సంగతి చెప్పనక్కరలేదు. ఆ కార్డే ఆయన ఊపిరి.

మా లాండ్రీని కిందటేడు పెద్ద కంపెనీ ఒకటి కొనేసింది. సెలవు కావాలంటే నోటితో చెబితే చాలదు, కాగితం రాయాలి, ఇంగ్లీషులోనే రాయాలి అన్నారు. ఆ కాగితం ఎక్కడో హెడ్డాఫీసుకు పోతుంది, అక్కడ మన ముఖం తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. సిబ్బంది ఎవరూ పనివాళ్ళ తరఫున కాగితాలు రాసిపెట్టకూడదని, రాస్తే ఉద్యోగం పోతుందని ఇంకో నోటీసు పెట్టారు. అందులో రెండు తప్పులుంటే దిద్దాను కూడా.

అన్నయ్య చేతిలో నరాలు కలిపే ఆపరేషన్ ఒకటి చేయాలన్నారు, డయాలసిస్ సూది గుచ్చడానికి. పది రోజులు ఎవరైనా దగ్గర ఉండాలి. శనివారం మధ్యాహ్నం వదిన నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం.

“నేనే రాశాను మాస్టారూ. తప్పులుంటే చూడండి.”

విప్పి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు దుప్పటి మీద ముద్రల్లా విడివిడిగా, పెద్దపెద్దగా ఉన్నాయి. ‘ఐ వాంట్ లీవ్ ఫ్రమ్ మండే. టెన్ డేస్. హస్బెండ్ ఆపరేషన్.’ అంతే. ఈ రోజు ప్రమాణం చేసి చెబుతున్నాను, అందులో ఒక్క తప్పు లేదు. చంటిబిడ్డకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషు.

నాకు నచ్చలేదు. మొరటుగా ఉందనిపించింది. “వాంట్ అనకూడదు వదినా, అడుక్కున్నట్టుంటుంది” అన్నాను.

“అడుక్కోవడమేగా మాస్టారూ.”

“అయినా దానికో పద్ధతుంటుంది. ఇటివ్వు.”

నా కలంతో కొత్త కాగితం మీద గొలుసుకట్టుగా రాశాను. ‘రెస్పెక్టెడ్ సర్, డ్యూ టు మై హస్బెండ్స్ ఆపరేషన్, ఐ యామ్ లీవింగ్ ఫ్రమ్ మండే. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.’ ఆ ‘పది రోజులు’ అనే ముక్క వాక్యంలో ఇమడక వదిలేశాను. లీవ్ పక్కన ‘ఇంగ్’ తగిలిస్తే వాక్యానికి ఒక నడక వచ్చిందనిపించింది. కింద వదిన సంతకం పెట్టింది. “ఎంత బాగుందో, పెళ్ళి శుభలేఖలా ఉంది” అని మురిసిపోయింది.

చేయవలసింది చేయమని రాశాను కదా, వాళ్ళు చేశారు.

పదకొండో రోజు పొద్దున వదిన గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. నేను మిషన్ పాడైందనుకుని ఇంకోసారి పెట్టమన్నాను. మూడోసారి కూడా ఎర్ర దీపమే. లోపలినుంచి ఒక కవరు తెచ్చి ఇచ్చారు. ఆమె దాన్ని నాకిచ్చింది. మీ రాజీనామా ఆమోదించాము, మీ భవిష్యత్తు బాగుండాలి, ఆరోగ్య కార్డు ఈ నెలాఖరుతో ముగుస్తుంది అని ఉంది. చదివాను. మళ్ళీ చదివాను.

“ఏంటి మాస్టారూ, రాజీనామా ఎవరిది?”

“నీదే వదినా.”

“నేనెప్పుడు చేశాను?”

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. నెలాఖరుకు ఎనిమిది రోజులుంది.

ఆ ఆదివారమంతా నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. సాధారణంగా మాటకు అర్థం కోసం చూస్తాను, ఆ రోజు మాటకు ప్రాయశ్చిత్తం కోసం చూశాను. లీవ్ అనేది ఒక మాట కాదట, రెండు. వేరువేరు ఇళ్ళలో పుట్టి, ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతున్న ఇద్దరు మనుషులు. సెలవు అనే అర్థమున్న లీవ్‌కు మూలం అనుమతి. దానికీ ప్రేమ అని చెప్పే మాటకీ దూరపు చుట్టరికం ఉంది. ఇష్టపడి ఇచ్చేదే అనుమతి అన్నమాట. రెండో లీవ్ క్రియ, ఇప్పుడు వెళ్ళిపోవడం అంటున్నారు గానీ మొదట్లో దానర్థం మిగల్చడం, వెనక ఉంచడం. బతకడం అనే మాట కూడా ఆ ఇంటి బిడ్డే అంటారు. అది చదివి నాకు ఏడుపొచ్చింది. బతుకూ ప్రేమా రెండూ చుట్టాలుగా ఉన్న మాటతో నేను ఒక మనిషి గొంతు కోశాను.

సోమవారం ఇద్దరం మేడ మీది ఆఫీసరు మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చెడ్డమనిషి కాదు. కూర్చోమంది, మంచినీళ్ళు తెప్పించింది. నేను నిఘంటువు బల్ల మీద పెట్టి, రెండు లీవ్‌ల వంశవృక్షం విప్పి చెప్పాను. ఆవిడ ఓపికగా వింది.

“బాగుంది మాస్టారూ. ఇది నిజంగా నాకు తెలీదు. కానీ కాగితం మీద లీవింగ్ అనుంది. కింద సంతకముంది. ఎన్ని రోజులో లేదు. హెడ్డాఫీసు వాళ్ళు దీన్ని చూసి ఇంకేమనుకుంటారు?”

అప్పుడు వదిన అంది.

“మా పనిలో కూడా ఇలాంటి మాట ఉందండీ. వదలడం. మరక వదిలితే సంతోషం. రంగు వదిలితే మా ప్రాణం మీదికొస్తుంది. మాట ఒకటే. ఏది వదిలిందో బట్ట చూస్తే తెలుస్తుంది గానీ మాట వింటే తెలీదు. నన్ను చూడండి మేడమ్. ఇంట్లో మనిషిని ఆ స్థితిలో పెట్టుకుని ఉద్యోగం వదులుకునేదాన్నా నేను?”

ఆవిడ కాసేపు వదిన చేతుల వైపు చూసింది. తరువాత ఆ కాగితం తీసి, కొక్కేల్లాంటి నా గొలుసుకట్టు అక్షరాల మీద వేలు పెట్టింది.

“ఇది మీ చేతిరాత కాదు. మీ పాత ఫారాలు చూశాను, మీరు విడి అక్షరాలు రాస్తారు. వేరేవాళ్ళు పొరపాటున ఇలా రాశారని వాళ్ళే ఒప్పుకుని రాసిస్తే నేనేమైనా చేయగలను. ఎవరు రాశారు?”

నాకు రిటైర్మెంటుకు అయిదు నెలలుంది. నోటీసు గుర్తుంది, దిద్దింది నేనే కదా. నోరు తెరవాలనుకున్నాను. తెరవలేదు. నిఘంటువు అంచు పట్టుకుని కిందికి చూస్తూ కూర్చున్నాను. అంత లావు పుస్తకంలో ‘నేను’ అనే మాట ఎంత చిన్నదో నాకు తెలుసు. అది కూడా పలకలేకపోయాను.

“నేనే రాశానండీ” అంది వదిన.

మెట్లు దిగి సైకిళ్ళ షెడ్డు దాకా వచ్చాక అడిగాను. “అలా ఎందుకన్నావు వదినా?”

“ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలిగా మాస్టారూ. మీరు అనలేదు.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని ఉండేవాణ్ణి. నా ముఖం చూసి తనే మళ్ళీ అంది. “మీ ఉద్యోగం పోయినంత మాత్రాన నాది వస్తుందని ఏముంది లెండి. ఇంటికెళ్ళండి.”

వెళ్ళాను. మంగళవారం, బుధవారం యథాప్రకారం కిటికీ వెనక కూర్చున్నాను. వచ్చినవాళ్ళకు టైము వేశాను. రోలరు దగ్గర కొత్త మనిషిని పెట్టారు, వేళ్ళు కాల్చుకుందని విన్నాను. రెండు రోజులూ తిండి సయించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగి అడిగి, చివరికి సంగతి విని, కంచం నా ముందునుంచి తీసేసింది. “మీ ఎర్ర కలం అందరి తప్పులూ పట్టుకుంటుంది గదా” అంది.

గురువారం పొద్దున మేడమ్ గదికి వెళ్ళి, ఉత్తరం రాసింది నేనని, ఆమె మొదట రాసిన కాగితంలో తప్పు లేదని, తప్పు నాదని తెలుగులో రాసిచ్చాను. ఇంగ్లీషులో రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆవిడ చదివి కళ్ళు మూసుకుంది.

“సోమవారం చెప్పుంటే, ఖాతా ముగించే ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది మాస్టారూ. పొరపాటని రాసి ఆ కాగితం కొట్టేసేదాన్ని, అంతటితో అయిపోయేది. నిన్న సాయంత్రం పైకి పంపేశాను.”

“వెనక్కి రప్పించలేరా అమ్మా?”

“అడుగుతాను. మీ కాగితం కూడా పంపాలి. మీకేమవుతుందో తెలుసుగా?”

తెలుసన్నాను. సోమవారానికీ గురువారానికీ మధ్య రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో నేను కాపాడుకున్నది ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నెలాఖరు వెళ్ళిపోయాక జవాబు వచ్చింది. నన్ను వెంటనే పనిలోంచి తీసేశారు. వదినను దయతో మళ్ళీ తీసుకుంటామన్నారు, అయితే కొత్త మనిషిగా. పాత సర్వీసు ఉండదు. కొత్తవాళ్ళందరికీ ఉన్న నియమమే ఆమెకూ. ఆరోగ్య కార్డు ఆరు నెలల తరువాత.

ఆ కాగితం పట్టుకుని వాళ్ళింటికి నేనే వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, గోడ వారన ఎండిపోయిన రంగు డబ్బాలు, తలకిందులుగా నిలబెట్టిన కుంచెలు. అన్నయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పిన చేయి ఒళ్ళో పెట్టుకున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నేలమీద కూర్చుని కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించాను, ఒక్క మాట అటూఇటూ కాకుండా. చేసిందంతా చెప్పాను, సోమవారం నోరు మూసుకున్న సంగతి కూడా. వదినకు అది తెలుసు, ఆయనకు చెప్పినట్టు లేదు. ఆయన వదిన వైపు ఒకసారి చూశాడు.

తిట్టలేదు. చాలాసేపు కాగితం మీది అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు, అవి ఏ కుంచెతో రాయాలో ఆలోచిస్తున్నవాడిలా.

“ఆరు నెలలా మాస్టారూ?”

“ఆరు నెలలే అన్నయ్యా.” ‘ఏ’ ఎందుకు తగిలించానో తెలియదు. తోకలు తగిలించడం నాకు అలవాటు.

“ఇంగ్లీషు వాళ్ళనే అంటాం గానీ మనం మాత్రం తక్కువా? ఆరు అంటే మనకీ రెండు అర్థాలున్నాయిగా. ఒకటి లెక్క. ఇంకోటి దీపం.”

నవ్వబోయాడు. ఆయాసం వచ్చి ఆగిపోయాడు. వదిన ఆయన నోటికి చేయి అడ్డం పెట్టి, “ఇంకోసారి అలా అన్నారంటే ఊరుకోను” అంది. ఆ గదిలో ఏడ్చింది నేనొక్కణ్ణే. వాళ్ళిద్దరికీ ఏడవడానికి తీరిక లేదు.

ఇది జరిగి నాలుగో నెల నడుస్తోంది. వదిన కొత్త నంబరుతో మళ్ళీ మొదటి గదిలో మూటలు విప్పుతోంది, కొత్తవాళ్ళను అక్కడే పెడతారు. సెలవు అడిగే హక్కు లేదు కాబట్టి ధర్మాసుపత్రిలో డయాలసిస్ వంతు కోసం నేను నిలబడుతున్నాను. నాకిప్పుడు వేరే పనేముంది? తెల్లవారుతుండగా వరుసలో చేరితే ఎనిమిది గంటలకు చీట్లు ఇస్తారు. ఉన్నవి నాలుగు మిషన్లు, వచ్చేవాళ్ళు నలభై మంది. వారానికి ఒకసారి దొరికితే గొప్ప. వరుసలో నా ముందుండే పెద్దమ్మ కొడుకు కోసం వచ్చేది, పోయిన వారం నుంచి రావడం మానేసింది. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు.

నిన్న చీటీ దొరకలేదు. మొన్నా దొరకలేదు. సాయంత్రం ఆ మాట చెప్పడానికి వెళ్తే అన్నయ్య పడుకుని ఉన్నాడు. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. ముఖం కూడా ఉబ్బింది. వదిన పనినుంచి అప్పుడే వచ్చింది, చేతులింకా మందునీళ్ళ వాసన వేస్తున్నాయి. ఆయన కాలిని బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. ఇద్దరం ఆ గుంట వైపే చూశాం.

“రేపు ఇంకాస్త ముందు వెళ్తారా మాస్టారూ?”

వెళ్తానన్నాను.